కసూలే: పుట్టుక నుంచి పళ్ళెం దాకా

ఫ్రాన్స్ నైరుతి భాగంలో, తులూజ్, కార్కసోన్ నగరాల మధ్య లోరగే అనే వ్యవసాయ ప్రాంతం ఉంది. ఎండిన తెల్ల గింజలను పంది తోలు, పంది మాంసం, బాతు మాంసంతో కలిపి మట్టి పాత్రలో గంటల తరబడి మగ్గబెట్టే కసూలే ఆ నేల వంట. దీన్ని మాంసం కూర అనుకుని మొదలుపెట్టేవారే ఎక్కువ. వంట దారి తప్పేది అక్కడే. ఇందులో పెద్దపీట గింజలది. తన కొవ్వునూ రుచినీ గింజలకు ధారపోయడం మాంసం పని. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి మెట్టుకూ కారణం తెలిసిపోతుంది.

పని రెండు రోజులది. బాతు మాంసాన్ని కూడా ఇంట్లోనే సిద్ధం చేసుకుంటే మూడు రోజులు. చేతిపని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం వడ్డించాలంటే శుక్రవారం నాడే బాతుకు ఉప్పు పట్టించాలి.

పుట్టుక

లోరగేలోని కాస్తెల్నోదరి ఊరివాళ్ళు చెప్పుకొనే కథ ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య జరిగిన నూరేళ్ళ యుద్ధం నాటిది. 1355లో బ్లాక్ ప్రిన్స్‌గా పేరుపడిన ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్ ఊరిని ముట్టడించాడట. తిండికి కటకటలాడిన జనం ఇళ్ళలో మిగిలిన గింజలూ మాంసం ముక్కలూ తెచ్చి ఒకే పెద్ద పాత్రలో వండి సైనికులకు పెట్టారట. ఆ బలంతో వాళ్ళు శత్రువును తరిమికొట్టారట. చరిత్ర మరోలా ఉంది. ఆ ఏడాది అక్టోబరు చివర ఎడ్వర్డ్ సేన ఊరిని పట్టుకుని తగలబెట్టింది. పైగా నేటి కసూలేలో వేసే గింజలు అప్పటికి ఐరోపాలోనే లేవు. అవి మన రాజ్మా జాతివి, అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ చేసిన యాత్ర తర్వాతే అవి సముద్రం దాటి వచ్చాయి. అంతకుముందు ఆ ప్రాంతంలో ఇలాంటి వంటకాలకు ఆధారం ఫావా చిక్కుళ్ళు, అలసందల వంటి పాత గింజలు.

కొత్త గింజను ఫ్రాన్స్‌కు తెచ్చిన ఘనతను 1533లో ఫ్రెంచి రాజకుటుంబానికి కోడలిగా వచ్చిన కత్రీన్ ద మెదిచికి కట్టబెడతారు. ఇదీ కథల కోవలోదే. అయితే ఆమెకు తల్లి వైపు నుంచి లోరగే కౌంటెస్ హోదా ఉండేది కాబట్టి అక్కడివారికి ఈ కథంటే మమకారం.

వండేవారికి ఈ కథలకంటే పాత్ర చరిత్ర, పొయ్యి చరిత్ర ఎక్కువ పనికొస్తాయి. కాస్తెల్నోదరికి దగ్గరలోని ఇస్సెల్ గ్రామంలో కుమ్మరులు కసోల్ అనే మట్టి పాత్ర చేసేవారు. అడుగు ఇరుకు, నోరు బాగా వెడల్పు, లోపల నున్నటి మెరుగు పూత. వంటకానికి ఆ పేరు ఈ పాత్ర నుంచే వచ్చింది. ఇక పొయ్యి అంటే రొట్టెలు కాల్చే పొయ్యి. మోంతాన్య నువార్ కొండల మీది ముళ్ళపొదలు కొట్టి తెచ్చి దాన్ని మండించేవారు. రొట్టెలు తీసేశాక మెల్లగా చల్లారే ఆ వేడిలో కసోల్‌ను వదిలేసేవారు. పొలం పని మానుకుని పొయ్యి దగ్గర కూర్చునే తీరిక లేని కుటుంబాలకు ఇది బాగా కుదిరిన పద్ధతి. సన్నని వేడి, చాలా సమయం, వెడల్పాటి నోరు: కసూలే పైన కట్టే గోధుమరంగు పొర ఈ మూడింటి ఫలితమే. పొయ్యి మారినా, పాత్ర మారినా ఈ మూడింటినీ వదలకూడదు.

మూడు ఊళ్ళు, మూడు పద్ధతులు

కార్కసోన్‌లో పుట్టిన వంటల పండితుడు ప్రోస్పర్ మోంతాన్యే (1865–1948) కసూలేను క్రైస్తవుల త్రిత్వంతో పోల్చాడు. కాస్తెల్నోదరిది తండ్రి స్థానం, కార్కసోన్‌ది కుమారుడి స్థానం, తులూజ్‌ది పరిశుద్ధాత్మ స్థానం అన్నాడు. సొంత ఊరికి రెండో స్థానం ఇచ్చిన ఆ తీర్పును చాలామంది ఇప్పటికీ ఒప్పుకుంటారు.

కాస్తెల్నోదరి పద్ధతిలో పంది మాంసం, పంది తోలు, సాసేజ్ ప్రధానం. వాటికి బాతు లేదా పెద్దబాతు కొన్ఫీ, అంటే కొవ్వులో మెల్లగా ఉడికించి నిలవ ఉంచిన మాంసం, తోడవుతుంది. కార్కసోన్‌లో గొర్రె మాంసం వేస్తారు, వేట కాలంలో కౌజు పిట్టను కూడా. తులూజ్‌లో ఆ నగరం పేరుతోనే చెలామణీ అయ్యే సాసేజ్, కొన్ఫీ, కొన్ని ఇళ్ళలో గొర్రె రొమ్ము మాంసం కనిపిస్తాయి. కొలతల గొడవ తేల్చడానికి 1966లో ఫ్రెంచి వంటల పెద్దలు ఒక నియమం పెట్టారు: పంది, గొర్రె లేదా పెద్దబాతు మాంసం కనీసం 30 శాతం, మిగిలిన 70 శాతం గింజలు, మాంసపు రసం, పంది తోలు, సువాసన ఆకులు. 1970లో కాస్తెల్నోదరిలో కసూలే కోసమే ఒక సంఘం వెలిసింది. ఏటా ఆగస్టులో ఆ ఊళ్ళో కసూలే పండుగ జరుగుతుంది.

నేను ఇక్కడ చెప్పేది కాస్తెల్నోదరి పద్ధతి. మూడింటిలో నిరాడంబరమైనది అదే. టమాటా లేదు, పైన రొట్టెపొడి లేదు. గింజ రుచిని కప్పేసేది ఏదీ లేదు.

ఆరుగురికి కావలసినవి

ఎండు తెల్ల గింజలు 600 గ్రాములు
పంది తోలు 350 గ్రాములు
బాతు కాళ్ళ కొన్ఫీ 3, ఒక్కోదాన్ని కీలు దగ్గర రెండుగా కోయాలి
ముతకగా తరిగిన పంది మాంసపు సాసేజ్ 450 గ్రాములు, ఆరు ముక్కలుగా
పంది భుజం లేదా పిక్క మాంసం 300 గ్రాములు, ఆరు ముక్కలుగా
ఉప్పు పట్టించిన పంది కొవ్వు 50 గ్రాములు
వెల్లుల్లి 25 గ్రాములు
పంది ఎముకలు లేదా కోడి ఎముకల గూడు
ఉల్లిపాయ ఒకటి, క్యారెట్లు రెండు
మిరియాలు, ఉప్పు

అక్కడ వాడే గింజ లాంగో అనే పొడవాటి తెల్ల రకం. పిరనీస్ కొండల కింద తార్బ్ చుట్టుపక్కల పండే గింజకు తోలు చాలా పలుచన. ఆ గింజకు 2000లో ఐరోపా భౌగోళిక గుర్తింపు దక్కింది. విదేశాల్లో ఉన్నవారికి ఇవి దొరకవచ్చు, లేదంటే కన్నెల్లినీ అనే ఇటలీ తెల్ల గింజ దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లోని పెద్ద దుకాణాల్లో తెల్ల రాజ్మా అడగండి. ఎర్ర రాజ్మా వద్దు, దాని తోలు మందం, రుచి వేరు. ఏ రకమైనా ఆ ఏడాది పంటే కావాలి. ఏళ్ళ తరబడి నిలవున్న గింజ ఎంత ఉడికించినా మెత్తబడదు.

సాసేజ్ విషయంలో రాజీ పడకండి. మెత్తగా రుబ్బినవీ, పొగబెట్టినవీ, కారం దట్టించినవీ ఈ వంటను పాడుచేస్తాయి. సరైనది దొరక్కపోతే కిలో మాంసానికి 800 గ్రాములు కండ, 200 గ్రాములు కొవ్వు చొప్పున ముతకగా తరిగి, 15 గ్రాముల ఉప్పు, 2 గ్రాముల మిరియాల పొడి కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చు. కూరేందుకు పేగు లేకపోతే పొడుగాటి ఉండలు చుట్టి, చల్లబరిచి, పెనం మీద గట్టిపడేదాకా వేయించండి.

మొదటి మెట్టు: బాతు కొన్ఫీ

కొన్ఫీ అంటే ఉప్పు పట్టించిన మాంసాన్ని దాని కొవ్వులోనే మెల్లగా ఉడికించి, ఆ కొవ్వులోనే నిలవ ఉంచడం. ఫ్రిజ్ లేని రోజుల్లో శీతాకాలమంతా మాంసం కాపాడుకునే మార్గం ఇది. డబ్బాల్లో దొరికితే కొనుక్కోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఫ్రాన్స్‌లోనూ చాలా ఇళ్ళలో డబ్బానే తెరుస్తారు.

ఇంట్లో చేయాలంటే బాతు కాళ్ళకు కిలోకు 20 గ్రాముల చొప్పున రాతి ఉప్పు, కొంచెం మిరియాల పొడి, ఒక బిర్యానీ ఆకు, దొరికితే థైమ్ రెమ్మ పట్టించి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచండి. మర్నాడు ఉప్పు కడిగేసి బాగా తుడవండి. తడి ఉంటే కొవ్వు చిటపటలాడి చిమ్ముతుంది. కాళ్ళు పూర్తిగా మునిగేంత బాతు కొవ్వు కరిగించి, 90 డిగ్రీల వేడి దగ్గర మూడు నాలుగు గంటలు ఉంచండి. కొవ్వు సలసల కాగకూడదు, అక్కడక్కడ ఒక బుడగ లేస్తే చాలు. ఎముక దగ్గర మాంసం వదులైతే అయినట్టే. మన దగ్గర దొరికే నాటు బాతుకు కొవ్వు తక్కువ. దాని కొవ్వు చాలకపోతే కరిగించిన పంది కొవ్వు కలపడం తప్పు కాదు. నూనెలో చేస్తే మాంసం ఉడుకుతుంది గానీ ఆ రుచి గింజకు చేరదు.

రెండో మెట్టు: గింజలు

రాత్రి గింజలను ఏరి, కడిగి, చన్నీళ్ళలో 12 గంటలు నానబెట్టండి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి, పొంగు వచ్చాక పది నిమిషాలు గట్టిగా మరగనిచ్చి ఆ నీళ్ళు కూడా పారబోయండి. దీన్ని దాటవేయవద్దు. రాజ్మా జాతి గింజల్లో సహజంగా ఉండే లెక్టిన్ అనే పదార్థం కడుపును అతలాకుతలం చేస్తుంది. గట్టిగా మరిగితేనే అది విరుగుతుంది. సన్నటి సెగ మీద నడిచే విద్యుత్ కుక్కర్లలో నేరుగా పచ్చి గింజలు వేయడం అందుకే ప్రమాదం.

నీటి గురించి ఒక మాట. బోరు నీళ్ళలో ఉండే సున్నం గింజ తోలును బిగించేస్తుంది, లోపల పిండి అయినా పైన తోలు గట్టిగానే ఉంటుంది. శుద్ధి చేసిన నీళ్ళు వాడండి. టమాటా వద్దనడానికీ సగం కారణం ఇదే. పులుపు ముందుగా తగిలితే గింజ మెత్తబడడం ఆలస్యమవుతుంది.

ప్రెషర్ కుక్కర్ జోలికి పోకండి. రెండు విజిళ్ళకు పని అయిపోతుందనిపిస్తుంది, కానీ గింజ పగిలిపోతుంది. ఆ తర్వాత మూడు గంటలు పొయ్యిలో నిలవాల్సిన గింజ ముద్దగా మారుతుంది.

మూడో మెట్టు: రసం

పంది తోలును కసాయి దగ్గరే వెంట్రుకలు కాల్చి గీయించుకోండి. వెడల్పాటి పట్టీలుగా కోసి, ఎముకలు, ఉల్లిపాయ, క్యారెట్‌తో పాటు నాలుగు లీటర్ల నీళ్ళలో వేసి, మిరియాలు ధారాళంగా, ఉప్పు అతి తక్కువగా వేసి గంటసేపు మెల్లగా మరిగించండి. కొన్ఫీలో ఉప్పుంది, సాసేజ్‌లో ఉంది, కొవ్వులోనూ ఉంది. అందుకే ఇక్కడ చేయి బిగబట్టాలి. వడకట్టి తోలు పట్టీలను పక్కన పెట్టుకోండి. ఈ తోలే కసూలేకు ప్రాణం. దాని నుంచి దిగే జిగురు రసాన్ని చిక్కబరుస్తుంది, తర్వాత పైన పొర కట్టేదీ ఆ జిగురూ గింజల పిండీ కలిసే.

వడకట్టిన రసంలో గింజలు వేసి సన్నటి సెగ మీద సుమారు గంట ఉడికించండి. వేళ్ళ మధ్య నొక్కితే లొంగాలి, ఆకారం చెదరకూడదు. గింజలను తీసేసి రసాన్ని వేడిగానే ఉంచండి. వెల్లుల్లినీ ఉప్పు కొవ్వునూ కలిపి మెత్తగా నూరి ఆ గింజల్లో కలపండి. చూడటానికి చిన్న పని. మొత్తం వంట సువాసన దీని మీదే ఆధారపడుతుంది.

నాలుగో మెట్టు: వేయించడం

వెడల్పాటి పెనం మీద ముందు కొన్ఫీ ముక్కలను సన్నటి సెగ మీద పెట్టి పైన అంటుకున్న కొవ్వు కరిగించండి. అవి తీసేసి అదే కొవ్వులో సాసేజ్, ఆ తర్వాత పంది ముక్కలు వేయించండి. పంది ముక్కలు అన్ని వైపులా ముదురు గోధుమరంగు తిరగాలి, తొందరపడితే తెల్లగా ఉడికిపోతాయి. పెనంలో మిగిలిన కొవ్వు పారబోయకండి.

ఐదో మెట్టు: పాత్ర నింపడం

నాలుగైదు లీటర్లు పట్టే కసోల్ ఉంటే అదృష్టం. లేకపోతే వెడల్పు నోరున్న మందపాటి ఇనుప పాత్ర చాలు. మన మట్టి పాత్రలు వాడాలనుకుంటే వంటకు చేసినవే, సీసం లేని పూత ఉన్నవే ఎంచుకోండి. చల్లటి మట్టి పాత్రను మండే పొయ్యిలో పెట్టకండి, పగులుతుంది.

అడుగున తోలు పట్టీలు పరచండి. దాని మీద మూడో వంతు గింజలు. వాటి మీద పంది ముక్కలు, కొన్ఫీ. మిగిలిన గింజలతో కప్పేయండి. సాసేజ్ ముక్కలను పై గింజల్లోకి నొక్కండి, వాటి వీపు మాత్రం పైకి కనిపిస్తూ ఉండాలి. గింజలు మునిగీ మునగనట్టుగా వేడి రసం పోయండి. పైన మిరియాల పొడి చల్లి, పెనంలో మిగిలిన కొవ్వు ఒక పెద్ద చెంచా వేయండి. మూత పెట్టవద్దు.

ఆరో మెట్టు: పొయ్యిలో

150 నుంచి 160 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు. చిన్న ఓటీజీల్లో పై కడ్డీ పాత్రకు మరీ దగ్గరగా ఉంటుంది, కింది అరలో పెట్టి కింది కడ్డీ మాత్రమే వేయండి. ఫ్యాన్ ఉంటే ఆపేయండి, అది పైభాగాన్ని ఎండగొడుతుంది.

గంట గడిచేసరికి పాల మీద మీగడ కట్టినట్టు పైన పొర కడుతుంది. గరిటె వీపుతో దాన్ని మెల్లగా లోపలికి నొక్కండి. కలపకండి, గింజలు నలగకూడదు. పొర కిందకు దిగి రసంలో కరుగుతుంది, కొత్త పొర కడుతుంది. పాతకాలం వాళ్ళు దీన్ని ఏడుసార్లు నొక్కాలనేవారు. ఇంటి ఓవెన్‌లో మూడు గంటల్లో మూడు నాలుగు సార్లు నిజంగా పొర కడితే చాలా మంచిది. లెక్క కోసం కట్టని పొరను కెలకడంలో అర్థం లేదు. పైభాగం ఎండుతోందనిపిస్తే రెండు మూడు చెంచాల వేడి రసం పోయండి. ఆఖరి ముప్పావు గంట దాని జోలికి వెళ్ళకండి. అప్పుడు కట్టే పొరే పళ్ళెంలోకి వచ్చేది.

తయారైన కసూలేలో రసం పారుతూ ఉండదు, పూర్తిగా ఎండిపోయీ ఉండదు. చెంచాతో తీస్తే గింజ గింజగా కనిపిస్తూనే చిక్కటి రసం అంటుకుని రావాలి.

వడ్డన

పాత్రను నేరుగా భోజనాల బల్ల మీదికి తేవాలి, అంచుల దగ్గర ఇంకా కుతకుతలాడుతూ ఉండగానే. వేరే గిన్నెలోకి మార్చడం, కలపడం రెండూ తప్పే. పొర ముక్కలవుతుంది, గింజలు చిదుగుతాయి. అందరి కళ్ళ ముందే పెద్ద గరిటెను నిటారుగా దించి, పొర, గింజలు, మాంసం, అడుగున ఉన్న తోలు అన్నీ ఒకే ఎత్తులో తీయాలి. ఒక్కొక్కరికి ఒక సాసేజ్ ముక్క, ఒక పంది ముక్క, సగం బాతు కాలు. మాంసం ఎవరికి తక్కువైనా పెద్ద నష్టం లేదు గానీ పొర మాత్రం అందరికీ సమంగా పంచండి. పళ్ళేలు ముందే వెచ్చబెట్టుకోండి, కొవ్వు చల్లారితే నోటికి అంటుకుంటుంది.

ఇది ఒకే వంటకంతో ముగిసే భోజనం. ముందు ఏమీ పెట్టకపోవడమే మంచిది. పక్కన ఆవాల ముద్ద, వెనిగర్ గిలక్కొట్టి కలిపిన పచ్చి ఆకుల సలాడ్ ఉంటే కొవ్వు బరువు తగ్గుతుంది. రొట్టె గట్టి తొడుగున్నది. అన్నంలో కలుపుకోవాలని మనకు చేయి లాగుతుంది, కానీ గింజల పిండికి అన్నం పిండి తోడైతే రెండు ముద్దలకే కడుపు నిండుతుంది. ఆ ప్రాంతపు అలవాటు కొర్బియేర్, మినెర్వోవా, మల్పేర్, కబార్దెస్ వంటి స్థానిక ఎర్ర వైన్. వైన్ తాగనివారికి నిమ్మరసం పిండిన సోడా సరిపోతుంది. తర్వాత తీపి భారీగా వద్దు, పండ్లు చాలు.

వేళ విషయానికొస్తే మధ్యాహ్నం, అదీ చలికాలంలో. రాత్రి పొద్దుపోయాక తింటే నిద్ర పట్టదు.

పంది మాంసం తిననివారికి

కార్కసోన్ దారి ఉంది గానీ అక్కడా పంది తోలు వాడతారు. తోలు లేకుండా చేయాలంటే ఆ జిగురు మరోచోట నుంచి రావాలి. మేక కాళ్ళు ఎముకలతో పాటు మూడు గంటలు మరిగిస్తే రసానికి కావలసిన జిగురు దిగుతుంది. గొర్రె భుజం ముక్కలు, బాతు కొన్ఫీ, గొర్రె మాంసపు సాసేజ్, ఉప్పు కొవ్వు బదులు బాతు కొవ్వు. రుచికరమైన వంటే అవుతుంది, పొర కూడా కడుతుంది. దాన్ని కాస్తెల్నోదరి కసూలే అని పిలవకపోవడం ఆ ఊరికి మనమిచ్చే మర్యాద.

మిగిలితే

చాలామంది కావాలనే ముందు రోజు వండుతారు. రాత్రంతా చల్లగా ఉన్న గింజ రసాన్ని పూర్తిగా పీల్చుకుంటుంది, రుచి మరింత లోతుకు దిగుతుంది. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు రోజులు నిలుస్తుంది. వేడి చేసేటప్పుడు ముందుగా బయటకు తీసి పాత్ర చల్లదనం పోనివ్వండి, అరకప్పు రసం లేదా నీళ్ళు పైన చిలకరించి 150 డిగ్రీల దగ్గర కనీసం గంటన్నర ఉంచండి. మళ్ళీ పొర కడుతుంది, ఒకసారి నొక్కి మరోసారి కట్టనివ్వండి. మైక్రోవేవ్‌లో అయితే గింజలు వేడెక్కుతాయి, పొర మాత్రం రాదు. మిగిలిన రసాన్ని చిన్న డబ్బాల్లో గడ్డకట్టించి ఉంచుకుంటే ఈ రెండో రోజు పనికి సరిగ్గా అక్కరకొస్తుంది.